చిన్నదొర పాలిటి శోకాల మేస్త్రి

శోకాల మేస్త్రి డిక్కీ మూత మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, పైనుంచి కిందికి మెల్లగా నిమిరాడు. సొట్టపోయిన చోట చెయ్యి ఆగింది. వేళ్ళతో దాని చుట్టూ తడిమి, అంచు మీద గోటితో టకటకా కొట్టి, చెవి ఆనించి విన్నాడు. ఆ తర్వాత కళ్ళు తెరిచి, ఒంట్లో ఉన్న గాలంతా ఒక్క నిట్టూర్పులో వదిలేశాడు.

"పోయింది," అన్నాడు.

కారు యజమాని గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. ఆయనకి బజారులో మందుల షాపు ఉంది. ఇలాంటి కబుర్లు ఆయన ఎదుటివాళ్ళ మొహాల్లో చదివినవాడే గానీ, తన చెవిన పడటం ఇదే మొదలు.

"ఏం పోయింది మేస్త్రీ?"

"ఏం మిగిలిందో అడగండి సార్, చెప్పడం తేలిక. మూత పోయింది. మూత కింద బంపరు పోయింది. ఎడమ లైటు ఉన్నట్టే కనిపిస్తోంది గానీ ఆశ పెట్టుకోకండి."

పక్కనే ఇంకో బండి తలుపుని నీళ్ళు చల్లి రుద్దుతున్న బామ్మర్ది తల ఎత్తకుండానే నవ్వుకున్నాడు. ఆ షెడ్డులో సొట్టలు తీసేది బావ, రంగు వేసేది బామ్మర్ది. ఇన్నేళ్ళుగా ఒకే రేకుల కప్పు కింద పని చేస్తున్నవాడికి బావ భాష బాగా తెలుసు. 'ఆశ పెట్టుకోకండి' అన్నాడంటే లైటు శుభ్రంగా వెలుగుతోందన్నమాట.

మేస్త్రికి ఉన్న అలవాటు ఇదొక్కటే. ఏ బండిని ముట్టుకున్నా ముందు దాని మీద పడి ఏడవాలి. ఆ ఏడుపు అయితే గానీ సుత్తి చేతికి రాదు. సొట్ట తీయడంలో ఆయనకి సాటి వచ్చేవాడు ఆ చుట్టుపక్కల లేడు. ఏడవడంలో అసలెక్కడా లేడు. పోయిందని ఆయన చెప్పని బండి ఆ షెడ్డు గుమ్మం దాటి లోపలికి రాలేదు. బాగుపడకుండా బయటికి పోయిన బండీ లేదు. అయినా మళ్ళీ వస్తే మళ్ళీ అదే శోకం.

ఇది బండ్లతో ఆగే జబ్బు కూడా కాదు. పెళ్ళినాడు పెళ్ళికూతురి వైపు చూడరా అంటే, తలెత్తి ఫ్యాను వైపు చూసి "బేరింగు పోయింది" అన్నాడు. పెళ్ళికూతురు, అంటే బామ్మర్దికి అక్క, ఆ మాట తననే అన్నాడనుకుని ఆ పూటంతా మాట్లాడలేదు. కూతురు పుట్టినప్పుడు బిడ్డని చేతిలో పెడితే, అలవాటు కొద్దీ తల మీద అరచెయ్యి ఆనించి నిమిరాడు. నడినెత్తిన మెత్తగా తగిలేసరికి మొహం పాలిపోయింది.

"ఇక్కడ రేకు లేదే!"

"మాడు కలవడానికి టైము పడుతుందయ్యా. ఏ బిడ్డకైనా అంతే," అంది అత్తగారు.

"పని సగంలో ఉండగా బయటికి ఎలా పంపించారు?" అని డాక్టరు గది వైపు బయల్దేరాడు. నలుగురు పట్టుకుంటే ఆగాడు.

"మేస్త్రీ, ఈ సొట్ట పెట్టింది ఈవిడే," అన్నాడు మందుల షాపాయన, గుమ్మం వైపు వేలు చూపిస్తూ.

గుమ్మం పక్కన గోడకి ఆనుకుని ఆయన భార్య నిలబడి ఉంది. నర్సు. తెల్ల బట్టల మీద స్వెట్టరు వేసుకుని, సంచీని రెండు చేతులతో పొట్టకి అదుముకుని, ఎవరి బండో చూడ్డానికి వచ్చినట్టు దూరంగా ఉంది.

"ఆసుపత్రిని తీసుకెళ్ళి ఊరవతల పెట్టారు. అక్కడికి బస్సు లేదు. తెల్లారేసరికి నేను షాపు తియ్యాలి, దింపి రాలేను. యాభై దాటాక కారు నేర్చుకుంటానంటే సరే అన్నాను. నేర్చుకుంది. బాగానే నడుపుతోందనుకున్నాను. చివరికి వెనక్కి తీస్తూ స్తంభాన్ని గుద్దింది. స్తంభాన్ని, మేస్త్రీ! అదేమన్నా పరిగెత్తుకుంటూ అడ్డం వచ్చిందా?"

మేస్త్రి ఇంకోసారి అంచు తడిమాడు. సొట్ట మీదే చూపు.

"వెనక సెన్సారు ఉంది. స్తంభం దగ్గరికి పోతుంటే అది కూస్తుంది. వినబడలేదా అంటే మాట్లాడదు. అడిగిందానికి జవాబు లేదు. అందుకే చెప్పేశాను. బండి బాగయ్యాక తాళం చెవి నా జేబులోనే ఉంటుంది. ఇక డ్రైవింగు లేదు, ఏమీ లేదు."

"మరి డ్యూటీకి ఎలాగండీ?" అంది ఆవిడ, గోడ దగ్గరి నుంచే.

"అయినంత కాలం అయింది. మానేస్తే పోలా?"

ఆవిడ సంచీని ఇంకొంచెం గట్టిగా పట్టుకుంది. రోగుల దగ్గర గొంతెత్తి మాట్లాడే అలవాటున్న మనిషే అనుకుంటా. ఇక్కడ మాత్రం గోడని వదల్లేదు.

బామ్మర్దికి ఆ మాట నచ్చలేదు. మొగుడూ పెళ్ళాల మధ్య మనకెందుకని నీళ్ళ డబ్బా అందుకున్నాడు. మేస్త్రి మాత్రం ఆ మాటే విననట్టు, బండి చుట్టూ తిరుగుతూ ఏడుపు సాగించాడు.

"అయినా దీన్ని నమ్మి కొన్నారు చూడండి సార్, మీ గుండె గట్టిది. ఇది పోవడం ఏమిటి, పుట్టడమే పోయి పుట్టింది."

ఆ బండి సంగతి కొంచెం చెప్పాలి. రాజభవనాల్లాంటి కార్లు చేసే ఒక పెద్ద కంపెనీ ఉంది. ఆ కార్లు అందరూ కొనలేరు గానీ, కొనాలని అందరికీ ఉంటుంది. వాళ్ళ కోసం ఆ కంపెనీ అన్నిటికంటే చవగ్గా ఒక చిన్న కారు చేసింది. ముక్కు మీద బిళ్ళ మాత్రం పెద్ద కార్లదే. ఆ బిళ్ళ వెనక ఉన్నదంతా పొదుపు. షెడ్డులో దాన్ని చిన్నదొర అనేవాళ్ళు. దొరే, కాకపోతే ఇంట్లో వాటా రాని దొర.

కంపెనీవాళ్ళు గోరంత గీత పడినా తలుపు మొత్తం మార్చాలంటారు. మేస్త్రి అయితే ఉన్న తలుపునే సరి చేసి ఇస్తాడు. అందుకని ఊళ్ళో ఉన్న చిన్నదొరలన్నీ ఈ షెడ్డుకే చేరేవి. ఆదివారం పొద్దున్నే అవి వరసగా ఆగి ఉంటే, యజమానులు మొహాలు వేలాడేసుకుని బెంచీ మీద కూర్చుని ఉంటే, పక్క వీధివాళ్ళు ఎవరికేమైందోనని పరామర్శకి వచ్చేవాళ్ళు.

"మా అత్తగారు బండెక్కనంటోంది మేస్త్రీ," అనేవాడు సినిమా హాలు మేనేజరు. "స్పీడు బ్రేకరు వచ్చినప్పుడల్లా కింద గీసుకుంటోందని ఆవిడ్ని దింపుతున్నాను. దాటాక మళ్ళీ ఎక్కిస్తున్నాను. మొన్న మా వీధికొచ్చేసరికి ఆవిడే ముందు ఇంటికి చేరింది."

"కారైతే చక్రాల మీద వెళ్తుంది సార్. ఇది బల్లి. పొట్ట మీద పాకుతుంది."

"మా తమ్ముణ్ణి వెనక కూర్చోబెట్టాను," అనేవాడు వకీలు. "దిగమంటే దిగడు. పొగరేమో అనుకున్నాను. తీరా చూస్తే మోకాళ్ళు గడ్డం కింద ఇరుక్కున్నాయి."

"అది వెనక సీటని మీకెవరు చెప్పారు? సామాను అర. మనుషులు కూడా ఎక్కుతారని కంపెనీవాళ్ళకి ఆఖర్న ఎవరో చెప్పి ఉంటారు. అప్పటికప్పుడు కాస్త దూది కుక్కారు."

పెళ్ళి ఫోటోలు తీసే ఆయన కథ ఇంకో రకం. వానలో టైరు దిగిపోయింది. స్టెప్నీ కోసం డిక్కీ అడుగు ఎత్తితే గుంటలో చక్రం లేదు. ఒక సీసా, ఒక చిన్న గాలి పంపు ఉన్నాయి. టైరులోకి ఎక్కించాల్సిన ఆ సీసా మందుని ఆయన ఏ ఆలోచనతోనో ఇంజన్లో పోశాడు. షెడ్డుకి లాక్కొచ్చిన రోజు బెంచీ మీదున్న వాళ్ళంతా నవ్వడానికి నోళ్ళు తెరిచారు.

మేస్త్రి తెరవనివ్వలేదు. "సీసా మీద అక్షరాలు చూశారా? చీమ తలకాయంత ఉన్నాయి. పెట్టాల్సిన చక్రం మింగేసి, ఇంత సీసా పడేసి, దాని మీద చదవడానికి వీల్లేని రాత రాస్తే మనిషేం చేస్తాడు? వానలో, చీకట్లో! నేనైతే తాగేసేవాణ్ణి."

అన్నిటికంటే లెక్చరరు గారి బొత్తాం గొప్పది. చిన్నదొరలో స్టీరింగు పక్కన బొత్తాల వరస ఉంటుంది. వాటిలో సగం ఉత్తవి. ఎక్కువ పెట్టి కొంటే అక్కడ ఏవో సౌకర్యాలు వస్తాయి. కొననివాళ్ళకి నున్నటి ప్లాస్టిక్ ముక్క వస్తుంది, మీ దగ్గర ఇది లేదు సుమా అని రోజూ గుర్తు చేయడానికి. లెక్చరరు గారు అందులో ఒకటి సీటుని చల్లబరిచే బొత్తామని నమ్మి, ఎండాకాలమంతా నొక్కుతూ, ఇంటిల్లిపాదికీ దాని చల్లదనం వర్ణిస్తూ తిరిగాడు. ఆఖరికి ఓ రోజు భార్యాపిల్లలతో సహా వచ్చి, "ఈ మధ్య చల్లదనం తగ్గింది మేస్త్రీ, చూడండి," అన్నాడు.

మేస్త్రి వంగి ఆ బొత్తాన్ని చూశాడు. గోటితో తట్టాడు. చెవి పెట్టి విన్నాడు.

"పోయింది సార్."

"బాగవుతుందా?"

"ఈ సామాను ఇప్పుడు రావట్లేదు. ఆశ వదులుకోండి."

వాళ్ళు వెళ్ళాక బామ్మర్ది నోరెళ్ళబెట్టాడు. "బావా, దాని వెనక తీగే లేదు కదా!"

"తీగ కూడా పోయింది రా," అని మేస్త్రి సుత్తి అందుకున్నాడు.

తమాషా ఏమిటంటే ఇంత ఏడ్చినా వాళ్ళలో ఒక్కడూ ఆ బండిని అమ్మలేదు. పరాయివాడెవడైనా నోరు జారి "ఇదేం బండండీ" అన్నాడా, బెంచీ బెంచీ అంతా లేచి నిలబడేది. ఏడ్చే హక్కు కొన్నవాళ్ళది. ఆ ఏడుపుకి పెద్ద మేస్త్రి.

బామ్మర్దికి మాత్రం ఇదంతా ప్రాణసంకటంగా ఉండేది. కొత్తగా వచ్చినవాళ్ళు బావ మొదటి మాటకే బెదిరి, బండి తిప్పుకుని పోతున్నారు. "వచ్చినవాడికి కాస్త ధైర్యం చెప్తే నీ సొమ్మేం పోయింది బావా?"

"ధైర్యంగా ఉన్నవాడి చెయ్యి దురుసుగా ఉంటుంది రా. పోయిందనుకున్నప్పుడే మెత్తగా పడుతుంది."

"నీ చెయ్యి మెత్తగా ఉండటానికి నా చెవులు పోతున్నాయి."

"అవి ఎప్పుడో పోయాయి," అన్నాడు బావ, చాలా బాధగా.

మర్నాడు మందుల షాపాయన బండి మూతకి వెనక నుంచి ఇనుప దిమ్మ ఆనించి, ముందు నుంచి చిన్న సుత్తితో మెత్తటి దెబ్బలు వేస్తున్నాడు మేస్త్రి. దెబ్బకో నిట్టూర్పు. అంచు నుంచి మధ్యకి, చుట్టూ తిరుగుతూ, సొట్ట వచ్చిన దారినే దాన్ని వెనక్కి పంపిస్తున్నాడు. అప్పుడు గుమ్మంలో నీడ పడింది. నర్సమ్మ ఒక్కతే వచ్చింది. డ్యూటీ దిగి, దొరికినంత మేర ఏదో బండెక్కి, మిగతాది నడిచినట్టుంది. చెప్పుల నిండా దుమ్ము.

"ఎంతవరకొచ్చిందో చూద్దామని," అంది.

"రండమ్మా. చూసేందుకేముంది, పోయింది కదా," అంటూనే మేస్త్రి ఆవిడ కూర్చోడానికి స్టూలు తుడిచాడు. బామ్మర్ది టీ పోసిచ్చాడు.

ఆవిడ తాగలేదు. గ్లాసుని రెండు చేతుల్లో తిప్పుతూ, "సెన్సారు బాగానే ఉంది మేస్త్రీ," అంది ఉన్నట్టుండి. "అది కూసింది. నాకు వినబడింది కూడా."

బామ్మర్ది చేతిలో టీ కెటిలు ఆగిపోయింది.

"వార్డులో పొద్దస్తమానం యంత్రాలు కూస్తూనే ఉంటాయి. ఈ మంచం దగ్గరో కూత, ఆ మంచం దగ్గరో కూత. ఏది పట్టించుకోవాలో ఏది వదిలెయ్యాలో చెవికే తెలిసిపోతుంది. ఆ రోజు డ్యూటీ దిగి, బండెక్కి వెనక్కి తీస్తున్నాను. టింటిం టింటిం అని వినబడింది. సెలైను అయిపోయినట్టుంది, ఇప్పుడు డ్యూటీలో ఉన్నవాళ్ళు చూసుకుంటారులే అనుకున్నాను. ఈలోగా గుద్దేసింది."

బామ్మర్ది కెటిలు కింద పెట్టాడు.

"ఈ మాట ఆయనతో చెప్తే నవ్వుతారు. లేకపోతే ఆఖరికి మతి కూడా పోయిందంటారు. అందుకే చెప్పలేదు. మీరైనా చెప్పకండి." గ్లాసు కింద పెట్టేసింది. "నాకు కారంటే పెద్ద ఇష్టమేం లేదు మేస్త్రీ. కానీ దాన్లో ఒక్కదాన్నే వెళ్ళి, ఒక్కదాన్నే వస్తున్నాను కదా. ఆ వార్డులో నేను చేరినప్పటి నుంచి చేస్తున్న పని. ఇలా మానుకోవాలని లేదు."

మేస్త్రి మూత మీద అరచెయ్యి ఆనించి నిమిరాడు. బామ్మర్ది భయపడ్డాడు. ఇప్పుడు గానీ ఈయన 'పోయింది' అన్నాడంటే ఆవిడ ఇక్కడే ఏడ్చేస్తుంది.

"కూతా అది!" అన్నాడు మేస్త్రి కోపంగా. "నేనూ విన్నాను. మర్యాదస్తుడు తలుపు తట్టినట్టు ఉంటుంది. గుద్దబోతున్నానని చెప్పే పద్ధతేనా? దొరల బండి కదా, గట్టిగా అరిస్తే పరువు తక్కువ. దీని గొంతు పుట్టినప్పుడే పోయిందమ్మా. మీరు టీ తాగండి, చల్లారిపోతోంది."

ఆవిడ వెళ్ళాక మేస్త్రి బండిలో కూర్చుని, రివర్సు గేరు వేసి, బామ్మర్దిని వెనక చెక్క పట్టుకుని దగ్గరికి రమ్మన్నాడు. టింటిం, టింటిం. శుభ్రంగా కూసింది. దగ్గరికొచ్చే కొద్దీ జోరుగా కూసింది.

"బాగానే ఉంది కదా బావా!"

మేస్త్రి కళ్ళు మూసుకుని విన్నాడు. తర్వాత దిగి, షెడ్డు వెనక్కి పోయి, పాత సామాను గుట్టలో మోచేతుల దాకా చేతులు పెట్టి వెతికి, బొప్పాయంత నల్లటి వస్తువొకటి పట్టుకొచ్చాడు. దాన్ని చూసి బామ్మర్ది చెక్క వదిలేశాడు.

"బావా! అది లారీ హారను!"

"వెనక్కి వస్తున్నప్పుడు మోగేది. మంచి గొంతు."

"దొరబండిలో లారీ గొంతా? ఆయన మనిద్దర్నీ ఇక్కడే పాతిపెడతాడు. పైగా చెయ్యమని ఎవరూ చెప్పలేదు."

"సొట్ట ఎందుకు పడిందో చూడకుండా సొట్ట ఒక్కటే తీసిస్తే, అది పనెలా అవుతుంది? నువ్వు ఆ తీగ పట్టుకో."

బంపరు లోపల పాత కూత ఉన్న చోటికి దాన్ని ఎక్కించడం అనుకున్నంత తేలిగ్గా జరగలేదు. చిన్నదొరలో లారీ వస్తువు పట్టే చోటెక్కడిది? రేకు వంచి కొత్త బిగింపు చేశాడు. తడి తగలకుండా రబ్బరు తొడుగు వేశాడు. తీగలు గీసుకోకుండా గొట్టంలోంచి తీసుకొచ్చాడు. మధ్యమధ్య ఆ కంపెనీని, దాని పూర్వీకుల్ని, ఇంత ఇరుకులో ఇంత గర్వం ఎలా పట్టించారో అంటూ పొగడసాగాడు. మొదటిసారి మోగించినప్పుడు రేకుల కప్పు మీది పావురాలు ఒక్కసారిగా లేచిపోయాయి. టీ కొట్టాయన గరిటెతో సహా పరిగెత్తుకొచ్చాడు.

"ఏమైంది మేస్త్రీ?"

"ఏం లేదు. చిన్నదొరకి గొంతు వచ్చింది," అన్నాడు బామ్మర్ది, చెవుల్లోంచి వేళ్ళు తీస్తూ.

రంగు ఆరి, మెరుగు పెట్టాక, దంపతులిద్దరూ బండి కోసం వచ్చారు. మందుల షాపాయన మూత మీద మొహం ఆనించినంత దగ్గరగా వంగి, పక్క నుంచి చూశాడు, వెలుగులో చూశాడు, చేత్తో తడిమాడు. సొట్ట జాడ ఎక్కడా దొరకలేదు. బామ్మర్ది రంగు కలిసిందో లేదో చూడమన్నట్టు ఎదురుగా నిలబడ్డాడు. ఆయన మొహం మొదటిసారి వికసించింది.

"అద్భుతం మేస్త్రీ!"

"ఏం అద్భుతం సార్, పోయిందాన్ని పోనట్టు చేశాను. అయితే ఇంకోటి దొరికింది. అసలు జబ్బు."

వికసించిన మొహం ముడుచుకుంది. "ఏమిటది?"

"దీని గొంతు. సెన్సారుది. అది కూస్తుంది సార్, కాదనను. కానీ అదేం కూత! మీ షాపులో మందుల ఫ్రిజ్ ఉంది కదా, తలుపు సరిగ్గా పడకపోతే కూస్తుంది. మొన్న నడుము నొప్పి మాత్రల కోసం వచ్చినప్పుడు విన్నాను. అచ్చం ఇదే కూత."

"ఏ మొన్న? ఫ్రిజ్ కూసిందా?"

"నేనున్నంతసేపూ కూసింది."

"నేను షాపులోనే ఉన్నానే..."

"మీరే కదా మాత్రలు ఇచ్చింది."

మందుల షాపాయన ఆలోచనలో పడ్డాడు. "కొనడానికొచ్చిన వాళ్ళు చెబుతుంటారు, ఏదో మోగుతోంది చూడండని. నాకు మాత్రం..." ఆగాడు.

"మీకు ఎలా వినబడుతుంది సార్? పొద్దున్నుంచి రాత్రి దాకా దాని పక్కనే ఉంటే చెవి దాన్ని లెక్కలోంచి తీసేస్తుంది. తప్పు మీది కాదు, ఆ ఫ్రిజ్‌దే. అది కూడా పోయినట్టే. మరి మీ ఒక్క ఫ్రిజ్‌కే ఇలా ఉంటే, గదినిండా అవే కూతల మధ్య పని చేసే మనిషికి ఈ బండి కూత ఎక్కడ ఎక్కుతుంది? ఎవరి చెవికి ఏ కూత పడుతుందో చూసుకోకుండా పెట్టారు, దరిద్రులు. దొరలు కదా, అడగరు."

మందుల షాపాయన భార్య వైపు తిరిగాడు. ఆవిడ గోడ దగ్గర లేదు. బండి దగ్గరికొచ్చి నిలబడింది.

"నీకు అలాగే అయిందా?"

ఆవిడ తల ఊపింది.

"మరి చెప్పొచ్చు కదా!"

"చెప్తే మతి పోయిందంటారని."

"అంటాననుకో..." అన్నాడాయన. అని, నెత్తి గోక్కున్నాడు. "ఇంతకీ ఆ ఫ్రిజ్ నాకూ వినబడలేదు కదా."

"అందుకని గొంతు మార్చాను," అన్నాడు మేస్త్రి. "రివర్సు తీసి చూడాలి. మీరు కాదు సార్. ఎవరి చెవికి పెట్టానో వాళ్ళే తీయాలి. మీరు ఇటు రండి, వెనక నిలబడకండి."

ఆవిడ బండెక్కి, సీటు ముందుకి జరుపుకుంది. బామ్మర్ది రెండు చెవులూ ముందే మూసుకున్నాడు.

"అమ్మా, దీని అద్దం పచ్చి అబద్ధాలకోరు," అని కిటికీలోంచి చెప్పాడు మేస్త్రి. "దగ్గరున్నదాన్ని దూరమంటుంది. నమ్మకండి, మెడ తిప్పి చూడండి. కప్పుని మోసే వెనక కమ్మీలు లావు, వాటి చాటున మనిషి ఉన్నా కనబడడు. కాబట్టి ఎక్కేముందు ఓసారి చుట్టూ తిరిగి రండి. బ్రేకు మీది కాలు పూర్తిగా తీయకండి, ఎగిరి దూకుతుంది, బుద్ధి లేనిది."

బామ్మర్ది చెవుల మీది చేతులు కొంచెం సడలాయి. ఇవన్నీ చిన్నదొర తప్పులేనా? ఏ బండికైనా వెనక్కి తీసేటప్పుడు చెప్పాల్సిన జాగ్రత్తలే కదా! బావ ఆవిడకి పాఠం చెబుతున్నాడు. తిట్లు మాత్రం బండికి పడుతున్నాయి.

ఆవిడ రివర్సు వేసింది.

"భోఁయ్! భోఁయ్! భోఁయ్!"

మందుల షాపాయన ఎగిరిపడ్డాడు. "అయ్యో! ఇదేంటి మేస్త్రీ! లారీ! నా కారులో లారీ అరుస్తోంది!"

"వినబడుతోందా సార్?"

"నేను మా షాపులో ఉన్నా వినబడుతుంది! వీధిలో నా పరువేం కావాలి?"

"పోయింది సార్," అన్నాడు మేస్త్రి సానుభూతిగా. "పరువు పోయింది. మూత ఉంటుంది."

బండి మెల్లగా గుమ్మం దాటి వీధిలోకి వచ్చింది. ఆవిడ మెడ తిప్పి చూసింది, ఆగింది, మళ్ళీ చూసింది. టీ కొట్టాయన బెంచీ ఎత్తి పక్కన పెట్టుకున్నాడు. ఎదురుగా కరెంటు స్తంభం ఉంది. దగ్గరవుతున్న కొద్దీ లారీ గొంతు ఎడతెగకుండా మోగింది. ఆవిడ ఠక్కున బ్రేకు తొక్కేసింది. స్తంభానికీ మూతకీ మధ్య ఒక మనిషి హాయిగా కూర్చుని టీ తాగేంత చోటు మిగిలింది.

ఆ సందడిలో బామ్మర్ది బావ పక్కకి చేరాడు.

"బావా. పాత కూతలో ఏ లోపమూ లేదు కదా. తప్పు ఆవిడదే కదా."

"అయితే?"

"మరి పాపం బండిని ఎందుకు తిట్టావు? లెక్చరరు అప్పుడూ అంతే. సీసా అప్పుడూ అంతే. నాకిప్పుడు తడుతోంది, ఇన్నేళ్ళలో నువ్వు నడిపినవాళ్ళని ఒక్క మాటైనా అన్నట్టు నాకు గుర్తు లేదు."

మేస్త్రి చిరాగ్గా చూశాడు. "బండిని తిడితే సొట్ట పడుతుందా?"

"పడదు."

"మనుషులకి పడుతుంది. అవి తీసే పనిముట్లు మన షెడ్డులో లేవు. ఆ అంచు దగ్గర వేలిముద్ర వదిలేశావు, గుడ్డ ఇలా ఇవ్వు."

నర్సమ్మ ఇంజన్ ఆపి దిగింది. దూరం ఎంతుందో చూసుకోడానికి బండి వెనక్కి నడిచి వెళ్ళింది. స్తంభాన్ని చూసింది, మూతని చూసింది. మొహం నిండా నవ్వు పొంగుకొస్తుంటే ఆపుకోడానికి పెదవి కొరుక్కుంది. అంతలోనే భర్త పెట్టిన షరతు గుర్తొచ్చినట్టుంది. తిరిగి వచ్చి, తాళం చెవిని మేస్త్రికి అప్పజెప్పింది, ఇక ఇది నాది కాదన్నట్టు.

"అయిపోయింది కదా మేస్త్రీ. ఆయనకివ్వండి."

మందుల షాపాయన చెయ్యి అలవాటుగా ముందుకి వచ్చింది. సగం దూరం వచ్చి, ఎటు పోవాలో తెలియక గాల్లో నిలబడింది.

ఆ చెయ్యి మెల్లగా వెనక్కి తిరిగి, ఆయన నెత్తి దాకా వెళ్ళి, జుట్టు సవరించుకుంది.

"నాకెందుకు మేస్త్రీ," అన్నాడాయన ఎటో చూస్తూ. "ఈ గొంతుతో నేను బజారులో నడపలేను. తెల్లవారుజామున ఊరవతలికి వెళ్ళేవాళ్ళకైతే ఫర్వాలేదు. ఎవరూ వినరు."

మేస్త్రి మూత అంచు మీది వేలిముద్ర తుడిచాడు. కొంచెం వెనక్కి జరిగి, వెలుగు పడేలా తల వంచి, పని మొత్తం ఓసారి చూసుకున్నాడు. అదే గుడ్డతో తాళం చెవిని కూడా తుడిచి నర్సమ్మ అరచేతిలో పెట్టాడు.

"తీసుకోండమ్మా. పని అయిపోయింది," అన్నాడు, లోకంలోని దిగులంతా గొంతులో నింపుకుని. "జాగ్రత్త. మంచి బండి కాదు."